వెనక సీటు మీద నూలు గుడ్డ

కొత్త కారు వచ్చిన ఇంట్లో సందడి ఉండాలి కదా! భద్రాచలంలో జకర్యా ఇంట్లో మాత్రం ఆ కారు గుమ్మం ముందు ఆగిన రోజు నుంచి ఒకరితో ఒకరికి మాటల్లేవు. మూడు రోజులైంది... తండ్రి వరండాలో, కొడుకు గదిలో, కోడలు వంటింట్లో! గొడవంతా సీట్లకు ఏ గుడ్డ వేయించాలన్న దాని గురించి. బయటివాళ్ళు వింటే నవ్విపోతారు. నవ్వేవాళ్ళను నవ్వనీ... ఆ గుడ్డ వెనక ఏముందో జకర్యా భార్య సంపూర్ణ మొదటి రోజే కనిపెట్టింది. కనిపెట్టి, గోడ వైపు తిరిగి పడుకుని, ఎవరికీ వినపడకుండా కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆమెకు అరవై ఇంకా నిండలేదు. చలికాలంలో మొదలైన నడుంనొప్పి ఎండాకాలం వచ్చినా తగ్గలేదు. వెన్నుపూసలు అరిగాయని, నెలకోసారి ఖమ్మంలో ఇంజెక్షన్ వేయించుకోవాలని కొడుకు సుకుమార్ చెప్పాడు. నమ్మింది. కన్నకొడుకు చెబితే ఏ తల్లి నమ్మదు? కానీ ఖమ్మం దాకా బస్సులో మూడు గంటల ప్రయాణం! పాల్వంచ చేరేసరికే కూర్చోలేక కమ్మీ పట్టుకుని లేచి నిలబడేది. పోయిన నెల అలా నిలబడే కొత్తగూడెం దాకా వెళ్ళింది. అది చూసి తట్టుకోలేక సుకుమార్ ఉన్నపళంగా కారు తెచ్చాడు. అతను చర్ల వైపు ఒక బడిలో టీచరు, కోడలు గ్రేస్ అక్కడే దవాఖానాలో నర్సు. రోజూ ఇద్దరూ అంత దూరం పోయి రావాలి కాబట్టి వాళ్ళకూ పనికొస్తుందన్నాడు.

ఇక జకర్యా సంగతి చెప్పాలి. ఆయన చేసిన పనే కారు సీట్లకు కవర్లు కుట్టడం! భద్రాచలం రాకముందు ముప్పై ఏళ్ళు ఖమ్మంలో రేకుల షెడ్డు కింద అదే పని. ఎన్ని వందల బండ్లకు కుట్టాడో ఆయనకే తెలియదు. కానీ ఏ ఒక్క బండిలోనూ కూర్చునేవాడు కాదు. సీటు మీద మోకాలు ఆనించి, అరచేత్తో అదిమి చూసి దిగిపోయేవాడు. మనది కానిదాంట్లో మనం కూర్చోకూడదనేవాడు. ఇంకో పట్టుదల కూడా ఉండేది. నూలు గుడ్డ ముట్టేవాడు కాదు. మెత్తగా ఉంటుంది వెయ్యవయ్యా అని ఎవరైనా అడిగితే, "కూసున్నోడు లేసిపోతడు సారూ, గుడ్డ మాత్రం ఉండాలె" అని మందపాటి రెక్సినే అంటగట్టేవాడు. అలా మంచి బేరాలు పోగొట్టుకున్న రోజులూ ఉన్నాయి. అయినా మాట మార్చలేదు, అంత మొండి మనిషి!

ఆ షెడ్డులో పాత కవర్ల కుట్లు విప్పడం సంపూర్ణ పని. విప్పిన ముక్కల కొలతతోనే ఆయన కొత్తవి కత్తిరించేవాడు. బ్లేడు పట్టి పట్టి ఆమె బొటనవేలు కాయ కాచింది. ఏ కుట్టు లాగితే ఊడుతుందో, ఏది గుడ్డను చింపితే గాని రాదో ఆమె వేళ్ళకు తెలుసు. మొగుడి మనసూ ఆమెకు అలాగే తెలుసు. అందుకే ఆయన దాచింది దాగలేదు.

ఆ మొదటి రోజు సుకుమార్ ఖమ్మం నుంచి మూడు రకాల ముక్కలు తెచ్చి తండ్రి ముందు పెట్టాడు. "రెక్సిన్ ఏయిద్దాం నాయినా. చర్ల తొవ్వల దుమ్ము, వానలు పడితే బురద. తుడిస్తే పోతది" అన్నాడు. జకర్యా కళ్ళజోడు సర్దుకుని రెక్సిన్ ముక్కను గోటితో గీకాడు, తిరగేశాడు, రెండు చేతులతో లాగి చూశాడు. తడివేలితో రుద్ది రంగు దిగుతుందేమో చూశాడు. మంచి సరుకే. సంపూర్ణ మంచం మీద నుంచి నవ్వుకుంటూ చూస్తోంది, ఇదే ఖాయం చేస్తాడని. ఆయన దాన్ని కింద పెట్టేశాడు. గోధుమరంగు నూలు ముక్క తీసి, చెంపకు ఆనించుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

"గిది ఏద్దాంరా. కింద రెండంగుళాల ఫోము పెడ్త" అన్నాడు.

"గిదా? గిది రెండేండ్లు గూడ ఆగదని నువ్వే గద నాయినా అందరికి చెప్పేది..."

"ఆగకుంటే ఆగకపోనీ."

సుకుమార్ ఇంకేదో అనబోయి తల్లి వైపు చూశాడు. చూసి తల దించుకున్నాడు. గ్రేస్ ఇంకా ఎవరూ తాగని చాయ్ గ్లాసులు ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. సంపూర్ణ ముఖం మీది నవ్వు అలాగే ఉండిపోయింది గాని లోపల లెక్క కట్టేసింది. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా మాట తప్పని మనిషి! రెండేళ్ళు ఆగని గుడ్డ చాలంటున్నాడంటే... ఆ సీట్లో కూర్చునే మనిషికి రెండేళ్ళు లేవన్నమాట!

మూడో రోజు పొద్దున ఆమె కోడల్ని పిలిచింది. గ్రేస్ వచ్చి వేణ్ణీళ్ళ సంచి నడుముకు ఆనిస్తుంటే, అటు తిరిగే అడిగింది.

"బిడ్డా, నాకు ఎన్ని నెల్లని చెప్పిండ్రు?"

గ్రేస్ చెయ్యి ఆగిపోయింది. "ఏంది అత్తమ్మా గా మాట... ఎముకలు అరిగినయంతే..."

"రోజుకు ఎంతమంది రోగులకు ధైర్యం చెప్తవో, నాకు అబద్ధం చెప్పనీకె నీకు నోరొస్తలేదు. మీ మామ నూలు గుడ్డ పట్టుకున్నప్పుడే నాకు తెలిసింది. చెప్పు బిడ్డా. కాలం తెలిస్తే ఎట్లుండాలెనో చూసుకుంట."

గ్రేస్ ఆమె వీపు మీద తల ఆనించి ఏడ్చేసింది. "గడ్డ రొమ్ముల లేసి ఎముకలకు పాకిందట అత్తమ్మా. క్రిస్మస్ దాకా అంటున్నరు... గాళ్ళిద్దరి లొల్లి గూడ గందుకే. నూలు గుడ్డ ఏస్తే అమ్మ పోతదని ఒప్పుకున్నట్టేనంటడు మీ కొడుకు. అమ్మ పదేండ్లు కూసుంటది, పదేండ్లొచ్చేదే ఏస్తనంటడు. మామయ్యేమో ఉన్నన్ని దినాలు దాని నడుం నొయ్యొద్దంటడు. నేనెవరికని చెప్పను?"

సంపూర్ణకు కోపం రాలేదనుకునేరు, వచ్చింది! తన చావు గురించి తనకు తప్ప ఇంట్లో అందరికీ తెలుసు. ఆ మాట పట్టుకుని వాళ్ళలో వాళ్ళు పోట్లాడుకుంటున్నారు కూడా! లేచి ఇద్దర్నీ దులిపేద్దామనిపించింది. లేవబోతే నడుం లేవనివ్వలేదు. అలాగే పడుకుని కోడలి చెయ్యి పట్టుకుని ఏడ్చింది. క్రిస్మస్‌కు ఇంకా ఎన్ని నెలలో వేళ్ళ మీద ఎంచబోయి, ఎంచకుండా పిడికిలి మూసేసింది. ఏడ్చి ఏడ్చి చివరికి, "మొగోళ్ళకు తెలివి లేదు బిడ్డా. ప్రేమ మాత్రం ఉన్నది" అని ముఖం తుడుచుకుంది.

ఆ సాయంత్రం సంపూర్ణ కోడలి భుజం పట్టుకుని వరండాలోకి వచ్చింది. ఖమ్మం షెడ్డు మూసేశాక కూడా జకర్యా అమ్మకుండా ఉంచుకున్న పాత కుట్టుమిషన్ అక్కడే ఉంది. ఆయన దాని ముందు ఊరికే కూర్చుని ఉన్నాడు. గ్రేస్ లోపలికి వెళ్ళిపోయింది.

"ఏమయ్యా, రెండూ ఎయ్యి" అంది సంపూర్ణ.

"రెండేంది?"

"సీట్లన్నిటికి రెక్సిన్. వెనక ఎడమపక్క, నేను కూసునే కాడ, దాని మీద నూలుది. నాడాలు పెట్టి కట్టు. నా పని అయినంక నాడాలు ఇప్పి తీసెయ్యిండ్రి. పిల్లలు పదేండ్లు తిరుగుతరు."

జకర్యా తల ఎత్తలేదు. "ఎవరు చెప్పిండ్రు నీకు?" అన్నాడు.

"నువ్వే చెప్పినవ్ కదయ్యా! నూలు గుడ్డ చెంపకు పెట్టుకుంటివి. నీతోని ముప్పై ఏండ్లు పని చేసినదాన్ని, నాకు గంత తెలువదా?"

షెడ్డులో ఎంత కష్టమొచ్చినా కన్నీరు పెట్టని మనిషి... మిషన్ బల్ల మీద తల పెట్టి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. "నాకు చాతకాలేదు సంపూర్ణా. గట్టి గుడ్డ చూస్తుంటే నువ్వు లేని కారే కనపడ్డది" అన్నాడు. ఆమె ఆయన నెరిసిన జుట్టు నిమురుతూ నిలబడింది. నడుం కోస్తున్నా కూర్చోలేదు. గది గుమ్మంలో సుకుమార్ నిలబడి అంతా విన్నాడు. వచ్చి తల్లి కాళ్ళ దగ్గర చతికిలబడి, "నాయినా, అమ్మ చెప్పినట్టే చెయ్యి" అన్నాడు. మూడు రోజుల తర్వాత తండ్రితో మాట్లాడిన మొదటి మాట అది.

మర్నాడు కొలతల కోసం, కంపెనీ వేసి పంపిన కవర్లు విప్పాల్సి వచ్చింది. "బ్లేడు ఇటియ్యి. ఇప్పుడు నా పని" అని సంపూర్ణ మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుంది. వద్దని ఎవరూ అనలేదు. నాలుగు కుట్లు విప్పి ఆగేది, మళ్ళీ నాలుగు విప్పేది. ఒక పూటలో అయ్యే పనికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ వరండాలో మిషన్ చప్పుడు, పాత రోజుల కబుర్లు! ఒకసారి ఎవరిదో జీపు సీటు తలకిందులుగా కుట్టిన సంగతి గుర్తుచేసి ఆమె నవ్వితే, జకర్యా కూడా నవ్వాడు. ఇల్లు మళ్ళీ ఇల్లులా అయింది.

ఖమ్మం వెళ్ళాల్సిన రోజు పొద్దున్నే పాస్టర్ గారు వచ్చి, కారు మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశారు. ప్రయాణాల్లో కాపాడమని, ఈ బండిలో ఎక్కినవారందరినీ క్షేమంగా ఇల్లు చేర్చమని. ఆ మాట దగ్గర గ్రేస్ ఆమెన్ చెప్పలేకపోయింది. సంపూర్ణ మాత్రం గట్టిగానే చెప్పింది.

తర్వాత మెల్లగా ఎక్కి వెనక ఎడమవైపు కూర్చుంది. కింద ఫోము, పైన నూలు గుడ్డ... ఎన్నాళ్ళకో నడుం ఒక చోట ఆనింది. హాయిగా కళ్ళు మూసుకుంది. అలవాటు చొప్పున చెయ్యి మాత్రం సీటు అంచు కిందికి పోయి నాడా కోసం వెతికింది. నాడా లేదు. ఇంకొంచెం తడిమింది. ఎక్కడా నాడా లేదు! నూలు గుడ్డను రెక్సిన్‌తో కలిపి, రెండు పోగుల దారంతో, అంగుళం అంగుళానికీ వెనక్కి తిప్పి కుట్టాడు. దాన్ని విప్పాలంటే కింద రెక్సిన్ అంతా తూట్లు పడుతుంది. ముప్పై ఏళ్ళు కుట్లు విప్పిన వేళ్ళు... ఇది విప్పడానికి కుట్టింది కాదని వాటికి తెలిసిపోయింది.

"నాడాలు ఏవయ్యా?"

తలుపు దగ్గర నిలబడ్డ జకర్యా ఎటో చూస్తూ, "మర్సిపోయిన" అన్నాడు.

మర్చిపోయాడట! గుండీ కాజా కూడా మరవని మనిషి! సంపూర్ణకు అడగాలనిపించింది, ఇంత గట్టిగా కుడితే రేపు పిల్లలెట్లా తీస్తారయ్యా అని. అడగలేదు. ఆమె లేచిపోయాక కూడా ఆమె చోటు అలాగే ఉండాలని కుట్టినవాడిని ఏమడుగుతుంది? పక్కనున్న రెక్సిన్ మీద చేత్తో తట్టింది.

"వచ్చి కూసో."

ఆయన అలవాటుగా మోకాలు ఆనించి, అరచేత్తో సీటును అదిమి చూశాడు.

"అదిమింది చాలుగని, కూసో. ఇది మనదే."

జకర్యా కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళలో, తను కుట్టిన సీట్లో మొదటిసారి. సుకుమార్ బండి తీశాడు. ముందు సీట్లోంచి గ్రేస్ వెనక్కి తిరిగి అత్తగారి కాళ్ళ మీద దుప్పటి సర్దింది. గోదావరి వంతెన మీదికి వచ్చేసరికి సంపూర్ణ భర్త భుజానికి ఆనుకుని నిద్రపోయింది. పాల్వంచ దాటారు, కొత్తగూడెం దాటారు... ఆమె లేవలేదు. నొప్పి లేకుండా నిద్రపోయి ఎన్ని నెలలైందో! ఆ నిద్ర ఎక్కడ చెదురుతుందోనని జకర్యా ఖమ్మం దాకా భుజం కదపలేదు.