మూడో ఫోన్

నర్మద అన్నిటికంటే ఎక్కువగా భయపడేది ఒక్కదానికే. నాలుగేళ్ల తన బిడ్డ లాస్య ఎక్కడుందో తనకంటే ముందు ఇంకెవరికో తెలిసిపోవడం.

ఆ సంగతి సాదిక్‌కు తెలుసు. మనుషుల భయాలను పేరుపేరునా గుర్తుపెట్టుకోవడం అతని ఉద్యోగంలో భాగం.

కరీంనగర్ బస్టాండ్ వెనక సాదిక్‌ది సెల్‌ఫోన్ రిపేరు దుకాణం. బయట బోర్డు అదే చెబుతుంది. లోపల నడిచేది సీక్రెట్ సర్వీస్ యూనిట్. నర్మద కౌంటర్ ముందు నిలబడి స్క్రీన్ పగిలిందంది. ఎవరు పగలగొట్టారని అతను అడిగాడు. చూసినవాళ్లే అని ఆమె జవాబు. కోడ్ సరిపోయింది, షట్టర్ సగం దిగింది.

బ్రీఫింగ్ మూడు నిమిషాలు. నెల కింద ఒక మంగళవారం పట్టపగలు, చాయ్ హోటల్ ముందు అరుణ్ అనే ఇంజనీరును కాల్చేశారు. విదేశీ ముఠా కోసం అతను ఒక మానిటరింగ్ యాప్ రాశాడు. చివరికి భయపడి, దాని పేరు చెప్పడానికి వస్తూ పేరుతో సహా పోయాడు. ఆదిలాబాద్‌లో జిన్నింగ్ మిల్లు సేటు ఓంప్రకాశ్ తన రెండు వందల మంది పనివాళ్ల ఫోన్లకు ఒక యాప్ కొనబోతున్నాడు. వాళ్ల ఇళ్లకు ఫ్యామిలీ ప్యాక్ ఉచితం. పోటీలో ఉన్నవి మూడు: డేగ, గొడుగు, నీడ. అందులో ఒకటి అరుణ్ రాసింది. ఆ మిల్లు దూది సర్కారు మందుగుండు ఫ్యాక్టరీకి పోతుంది. లారీ డ్రైవర్ ఫోను వింటే చాలు, ఫ్యాక్టరీ గేటు లోపలి గుట్టు బయటపడుతుంది. సంతకం సోమవారం పదకొండుకు.

"మూడు ఫోన్లు, మూడు అబద్ధాలు," అన్నాడు సాదిక్. "అరుణ్ పెన్‌డ్రైవ్ ఫలానా ఇంట్ల ఉన్నదని ఒక్కో ఫోన్‌ల ఒక్కో అడ్రసు వదులుత. ఏ ఇంటికి మనుషులు వస్తరో, గా యాప్ దొంగది."

ఇంత పనికి తననే ఎందుకు పిలిచారని ఆమె అడిగింది.

"నువ్వు తొమ్మిదిల బడి బంద్ వెట్టినవ్. నిన్ను చూసి ఎవ్వడు ఉషార్ గాడు."

మూడు అడ్రసులూ ఖాళీ ఇళ్లవే కదా అని ఆమె రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అతను తలూపాడు.

సోమవారం పొద్దున నర్మద జుట్టులో దూది పోగులతో, పనివాళ్ల కుటుంబాల తరఫు మనిషిగా సేటు ఆఫీసులో కూర్చుంది. చెవి పోగులో ఇయర్‌పీస్. ఎదురుగా 'నీడ' సేల్స్ మేనేజర్ దీపిక. గంధం రంగు చీర, మెడ దగ్గర రాళ్ల బ్రోచ్, పుస్తకంలోంచి దిగినట్టున్న తెలుగు. ఆరు నెలలుగా ఆమె సాదిక్‌కు ఇన్‌ఫార్మర్. నీడ శుభ్రమైనదని రాసిచ్చింది కూడా ఆమే.

"తల్లిగా మీరైతే ఏది ఎంచుకుంటారు?" దీపిక నవ్వుతూ అడిగింది.

నర్మద ఎప్పుడో ఎంచుకుంది. మూడు వారాల కింద సాదిక్ ఆమెకు కొత్త ఫోన్ ఇచ్చి, ఊళ్లో మీ అవ్వకు పంపు, మూడింట్లో నీకు నచ్చిన యాప్ వేసుకో అన్నాడు. లాస్య ఉండేది ఊళ్లో నర్మద తల్లి దగ్గరే. నీడలో బిడ్డ ఉన్నచోట ఆకుపచ్చ చుక్క కనబడుతుంది. ఆ చుక్కను చూసుకుంటూ ఆమె పూటలు గడిపింది.

పదీ నలభై ఎనిమిదికి ఇయర్‌పీస్ పలికింది. "మూడో ఫోన్. నీడనే. నలుగురు మనుషులు ఖానాపూర్ దాకా వచ్చిండ్రు."

ఖానాపూర్‌లో ఎక్కడని ఆమె పెదవి కదపకుండా అడిగింది.

"మీ అవ్వ ఇల్లు. ఖాళీ ఇంటికి ఎవ్వడు రాడు నర్మదా. పిల్ల ఉన్న ఇల్లంటే నమ్ముతరు. గాళ్లకు నాలుగు నిమిషాలు, మనోళ్లకు పదకొండు. జర ఓపిక పట్టు."

ఆమె ఓపిక పట్టలేదు, ఏడవలేదు. అవ్వకు ఫోన్ చేసింది. నీడ దొంగదైతే, శుభ్రమని రాసిచ్చిన దీపిక ముఠా మనిషే. ఆ ఫోన్‌లో ఏం మాట్లాడినా ఆమె చెవిలో పడుతుంది. ముఠాలో తెలుగు తెలిసింది దీపిక ఒక్కతే. పారిపొమ్మంటే వాళ్లు వీధిలోనే పట్టుకుంటారు.

"అవ్వా, పోరిని వట్టుకొని ఇంట్లకెళ్లి పో."

అవ్వ అటు నుంచి అడిగింది. "మరి మీ బాపు?"

బాపు, అంటే నర్మద తండ్రి భూమన్న, ముప్పై ఏళ్లు సాంచాల మీద బట్ట నేసి, పోయినేడు పక్షవాతంతో మంచం పట్టాడు. మాట పోయింది, కుడి చెయ్యి ఒక్కటే ఆడుతుంది. మోసుకుపోవడానికి ఆ ఇంట్లో ఎవరూ లేరు.

"బాపును పండనియ్యి," అంది నర్మద. "లేపకు."

దీపిక తలెత్తింది. చెవిలో విన్న గొంతూ ఎదుటి గొంతూ ఒక్కటే. ఆమె కళ్లు మెరిశాయి. బ్రోచ్ వైపు వంగి పరాయి భాషలో రెండు ముక్కలు చెప్పి, తీరిగ్గా ఇటు తిరిగింది.

"ఇంట్లోకి వెళ్లిపొమ్మన్నారా? పాపం, తల్లి మనసు. ఇప్పుడు అందరూ ఒకేచోట ఉంటారు."

సేటు కలం మూత తీస్తూ, మర్యాదకు సరిచేయబోయాడు. "ఇంట్లకి గాదు మేడమ్. మా దిక్కు ఇంట్లకెళ్లి అంటే ఇంట్ల నుంచి..."

దీపిక మొహం పాలిపోయింది. చెయ్యి బ్రోచ్ మీదికి లేచింది. ఆ చెయ్యి చేరేలోపే నర్మద బ్రోచ్‌ను చీర ముక్కతో సహా పీకి, సేటు చాయ్ గ్లాసులో పడేసింది. తర్వాత దీపిక మణికట్టును బల్ల అంచుకు వేసి విరిచింది. ఒక్కసారి సరిపోయేది. రెండుసార్లు విరిచింది.

సేటు కలానికి మూత పెట్టేశాడు.

ఖానాపూర్‌లో అవ్వ, లాస్య పెరటి దారిన పత్తి చేన్లోకి పోయారు. నలుగురూ నేరుగా ఇంట్లోకే వెళ్లారు. లోపల దొరికింది భూమన్న ఒక్కడే. పెన్‌డ్రైవ్ ఎక్కడని వచ్చీరాని హిందీలో ఏడు నిమిషాలు అడిగారు. మాట రాని మనిషని వాళ్లు నమ్మలేదు. ఆడే చెయ్యి వేళ్లు ఒక్కొక్కటే విరిచారు. నాలుగో వేలు దగ్గర మనవాళ్లు తలుపు విరగ్గొట్టారు. నలుగురూ దొరికిపోయారు.

"ఆపరేషన్ సక్సెస్," అన్నాడు సాదిక్. "పిల్ల మంచిగనే ఉన్నది గదా."

నర్మద ఇయర్‌పీస్ తీసి అదే చాయ్‌లో వేసింది.

భూమన్న బతికే ఉన్నాడు. కూతురు గుమ్మంలోకి వస్తే మొహం గోడవైపు తిప్పుకుంటున్నాడని అవ్వ చెప్పింది. అందుకని నర్మద పోవడం మానేసింది. మీలో ఎవరైనా ఖానాపూర్ దిక్కు పోయేవాళ్లుంటే, ఆయన నాలుగు మెతుకులు తింటున్నాడో లేదో ఒకసారి చూసి రండి. ముందుగా ఫోన్ మాత్రం చేయకండి.