పుయ్‌ఫాయ్‌ని పిలిచిన సాయంత్రం

మూన్ నది పక్కనున్న ఈ ఊరి బడిలో ఇంగ్లీషు చెప్పడానికి ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి ఆరేళ్ళయింది. ఆరు వర్షాకాలాలు చూశాను గానీ, ఇక్కడి వానకూ నాకూ ఇప్పటికీ పడదు. బూట్ల మీద బూజు. ఉతికిన బట్టల్లో ముక్కిన వాసన. జూలై వచ్చిందంటే సగం మంది పిల్లలు బడికి రారు, వచ్చిన సగం తడిసి తుమ్ముతూ కూర్చుంటారు. బడి వదిలాక వాళ్ళని కాలువ మీది చెక్క వంతెన దాటించే పని నాది. "గ్లెండా టీచర్‌కి ఇంట్లో ఎదురుచూసే మొగుడా, పిల్లలా?" అని నవ్వుతూనే తోటి టీచర్లు నాకు అంటగట్టారు.

ఆ వంతెన మీదే పుయ్‌ఫాయ్ చెయ్యి వదిలేశాను.

ఎనిమిదేళ్ళ పిల్ల. గాలికి నా గొడుగు తిరగబడింది. దాన్ని పట్టుకోబోయి పిల్లని వదిలాను. సంతలో కొన్న డొక్కు గొడుగు కోసం! పిల్ల కాలువలో పడింది. వెంటనే దూకి, జుట్టు దొరకబుచ్చుకుని పైకి లాగాను. బతికింది. కానీ పదకొండు రోజులుగా మాట లేదు, నాలుగు చెంచాల గంజి తప్ప తిండి లేదు. ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ చేసి, ఏ జబ్బూ లేదని పంపేశారు. పిల్ల మాత్రం రోజురోజుకీ చిక్కిపోతోంది. వాళ్ళ ఇంటి ముందు నుంచి వెళ్ళలేక నేను చుట్టుతిరుగుడు దారిలో బడికి వెళ్తున్నాను.

పన్నెండో రోజు సాయంత్రం వాళ్ళ అమ్మమ్మ ఖంపన్ నా గది ముందుకొచ్చి నిలబడింది. ఒక చేతిలో చేపలు పట్టే చిన్న చేతివల, రెండో చేతిలో పిల్ల చొక్కా.

"దాని ఖ్వన్ నీళ్ళలోనే ఉండిపోయింది టీచరమ్మా. తోడి తేవాలి."

ఒంట్లో ప్రాణాన్ని నిలిపి ఉంచేది ఖ్వన్. హడలిపోతే అది జారిపోతుందని ఇక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు.

"నేను చర్చికి వెళ్ళేదాన్ని కదా అమ్మమ్మా..."

"వెళ్ళు, ఎవరొద్దన్నారు? మీ దేవుడికి నేను సర్దిచెప్పుకుంటాలే. దాన్ని నీళ్ళలోంచి తీసింది నువ్వు. నువ్వు పిలిస్తేనే వస్తుంది."

చెయ్యి వదిలిన సంగతి ఆమె ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా నాకు బాగుండేది.

"పేరు పెట్టి పిలువు," అంది వల నా చేతికిస్తూ. "దాని పేరొక్కటే. ఇంకో మాట నోటెంట రానీకు. వల బరువెక్కగానే చొక్కా కప్పి, వెనక్కి తిరక్కుండా వచ్చెయ్యి. నేను పిల్ల దగ్గరుంటా."

ఐదింటికే మబ్బు కమ్మి చీకటి పడింది. వంతెన మీద నేనొక్కదాన్నే. కింద కాలువ బురదరంగులో నిండుగా పోతోంది. కుళ్ళిన నాచు వాసన, నీచు వాసన. ఖ్వన్ కోసం అమ్మమ్మ ఇచ్చిన ఉడికించిన గుడ్డు, జిగురన్నం ముద్ద చెక్క మీద పెట్టి, వంగి వల ముంచాను. చుట్టూ పొలాల్లో కప్పలు చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి.

"పుయ్‌ఫాయ్..."

వల తేలిగ్గా పైకొచ్చింది. మళ్ళీ ముంచాను.

"పుయ్‌ఫాయ్..."

కప్పలు ఆగిపోయాయి. అన్నీ ఒక్కసారే.

మూడోసారి ముంచాను. వల అంచుని ఏదో తాకింది. తాకి, వెనక్కి తగ్గింది. మళ్ళీ తాకింది. వచ్చింది, వెళ్ళిపోతుందేమో... ఇప్పుడు వెళ్ళిపోతే పిల్ల దక్కదు... భయంతో నా నోరు నా అదుపులో లేదు. ఆరేళ్ళుగా ఇదే చోట నిలబడి రోజూ అనే మాటే బయటికొచ్చేసింది.

"రండి, రండి. భయం లేదు. అందరూ రండి."

వల ఒక్కసారిగా బరువెక్కింది.

రెండు చేతులతో లాగితే గానీ రాలేదు. లోపల ఏమీ లేదు. నీళ్ళన్నీ కారిపోయాయి... బరువు తగ్గలేదు. చొక్కా కప్పి నడవడం మొదలుపెట్టాను. వంతెన దిగాను. నా వెనక ఒక చెక్క కిర్రుమంది. తర్వాత ఇంకోటి. ఇంకోటి... వరసగా, తొందర లేకుండా... నేను చాలా దూరం వచ్చేశాక కూడా కిర్రుమంటూనే ఉన్నాయి. వెనక్కి చూడలేదు. ఒట్టు, చూడలేదు.

"వచ్చిందా?" నేను వాళ్ళింటి మెట్లెక్కుతుంటే లోపల్నించి అడిగింది అమ్మమ్మ.

"వచ్చింది."

చొక్కా పిల్ల గుండెల మీద పరిచాం. కాసేపటికి పుయ్‌ఫాయ్ కళ్ళు తెరిచింది. "అమ్మమ్మా, ఆకలేస్తోంది."

ముసలావిడ భోరుమంది. నేనూ ఏడ్చాను. పదకొండు రోజులుగా గుండె మీదున్న బండ దిగిపోయింది. పిల్ల మణికట్టుకి ఖ్వన్ మళ్ళీ జారిపోకుండా తెల్లదారం కడుతూ అమ్మమ్మ నా వంక చూసింది.

"దాని పేరొక్కటేగా పిలిచావు?"

"ఒక్కటే," అన్నాను.

మర్నాడు పుయ్‌ఫాయ్ బడికొచ్చింది. వానకి పదకొండు మందే వచ్చారు, వెనక బెంచీలన్నీ ఖాళీ. నేను గదిలోకి అడుగు పెట్టగానే అందరూ లేచి రాగం తీస్తూ గుడ్ మార్నింగ్ చెప్పారు. నేను చెప్పేదాకా ఎవరూ కూర్చోరు, ఇక్కడి పద్ధతి అది. కూర్చోమన్నాను. కూర్చున్నారు.

పుయ్‌ఫాయ్ మాత్రం వెనక్కి తిరిగి చూస్తోంది.

"టీచర్, వాళ్ళు కూర్చోలేదు."

"ఎవరమ్మా?"

"మీరు రమ్మన్నారుగా. బాగా తడిసిపోయారు, పాపం."

దగ్గరికెళ్ళి, మిగతా పిల్లలకి వినపడకుండా అడిగాను. "ఎంతమంది?"

లెక్కపెట్టమన్నానని పిల్ల ముఖం వెలిగిపోయింది. వేలు చాపి, నేను నేర్పిన ఇంగ్లీషులోనే మొదలుపెట్టింది. వన్... టూ... వేలు వెనక బెంచీల మీదుగా వెళ్ళింది. గోడ వెంబడి వెళ్ళింది. తలుపు దాటి వరండాలోకి, వరండా దాటి కాలువ వైపుకి...

ట్వెంటీ దగ్గర ఆగింది. ఆ ఏడాది మా పాఠం అంతవరకే వచ్చింది. వేలు అలాగే చాపి ఉంచి, నా వైపు చూసింది.

"టీచర్, ట్వెంటీ తర్వాత ఏమంటారు?"