పేదరాశి పెద్దమ్మ మాయం

"మేడమ్, పేదరాశి పెద్దమ్మను ఎవరో ఎత్తుకపోయినారు!"

కర్నూలు పాతబస్తీలో ప్రైవేట్ డిటెక్టివ్ శివజ్యోతి ఆఫీసు తలుపు తీసి ఇంకా పది నిమిషాలు కాలేదు. గుమ్మంలో ఆయాసపడుతున్న అమ్మాయికి పాతికేళ్లుంటాయి. వేళ్ల నిండా రంగులు, కళ్ల నిండా నీళ్లు.

శివజ్యోతి సహాయకుడు మహానంది ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన మనిషి. టికెట్ లేనివాణ్ణి మొహం చూసి పట్టేసేవాడని డిపోలో పేరు. అంతటివాడూ తనకంటే ఇరవై ఏళ్లు చిన్నదైన శివజ్యోతి బుర్ర ముందు తన అనుభవం ఏ మూలకూ చాలదని ఊరంతా చెప్పుకుని తిరుగుతాడు. ఆయన గబగబా పెన్ను తీసి, "పెద్దమ్మకు వయసెంతమ్మా? ఏ రంగు చీర కట్టుకోనుండె?" అని అడిగాడు.

"మనిషి కాదన్నా, బొమ్మ!" అంది ఆ అమ్మాయి.

మహానంది పెన్ను మూసేశాడు. శివజ్యోతి కుర్చీ చూపించి, మంచినీళ్లిచ్చి, మొదటినుంచీ చెప్పమంది.

అమ్మాయి పేరు మెహనాజ్. పిల్లల పుస్తకాలకు బొమ్మలు గీస్తుంది. హైదరాబాదులో ఒక ప్రచురణ సంస్థ పాత జానపద కథల మనుషుల్ని ఈ కాలానికి, ఈ సీమకు తెచ్చి గీయమని అడిగింది. మెహనాజ్ గీసిన రాజకుమారి కోయిలకుంట్ల పొలాల్లో ట్రాక్టర్ తోలుతుంది. రాక్షసుడు ఎండాకాలం ఊరూరికీ నీళ్ల ట్యాంకర్ నడుపుతాడు. మాట్లాడే చిలుక బస్టాండులో బస్సులు ఎక్కడికి పోతాయో అరిచి చెప్తుంది. ఇక పేదరాశి పెద్దమ్మ ఉగ్గాని బండి పెట్టింది. దారి తప్పి వచ్చిన రాజకుమారులకు మరమరాలు, అదే బొరుగులు నానబెట్టి తాలింపేసిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీ వడ్డిస్తుంది. ముఖచిత్రం అదే.

"నెలన్నర కష్టం మేడమ్. ఫోన్లో తీసిన ఫోటో అచ్చుకు పనికిరాదంట. అసలు బొమ్మ ఈ పొద్దు నాలుగు గంటల బస్సులో పోవాల. లేకుంటే ముఖచిత్రం వేరేవాళ్లకు ఇస్తామన్నారు. ఇది నా మొదటి పుస్తకం" అంది మెహనాజ్.

"టైం తొమ్మిదిన్నర. ఏడవడానికి తీరిక లేదు, పద" అని శివజ్యోతి లేచింది.

మెహనాజ్ తండ్రి మదార్ సాహెబ్‌ది కింద టైలర్ షాపు, పైన ఇల్లు. పై గదిలో కడప బండల నేల మీద, గోడకు ఆనించి బొమ్మలు గీసిన మూడు అట్టలున్నాయి. నాలుగోదాని చోటు బోసిగా ఉంది. రాజకుమారి బొమ్మకు బంగారు రంగు అద్దకం కూడా ఉంది. ఎవరి కన్నైనా ముందు దానిమీదే పడుతుంది. దొంగ దాన్ని ముట్టనేలేదు.

"బొమ్మల మీద కప్పే పల్చటి కాగితం కూడా పోయిందా?" అడిగింది శివజ్యోతి.

"పోయింది. బొమ్మతో పాటే."

"రంగుల్లో ఏమన్నా తగ్గినాయా చూడు."

మెహనాజ్ బల్ల మీది గొట్టాలు వెతికి తెల్లబోయింది. "ఎరుపు లేదు. ఆకుపచ్చ లేదు. సన్న కుంచె కూడా లేదు!"

"దొరికినాడు! దొంగ కూడా బొమ్మలేసేవాడే!" అన్నాడు మహానంది.

"బొమ్మలేసేవాడింట్లో ఎరుపు రంగుండదా మహానందప్పా?" అని నవ్వింది శివజ్యోతి. ఇంతలో ఆమె కన్ను నేలమీద పడింది. అక్కడ మూడు బొరుగులున్నాయి. వాటిని చూసి మహానంది మళ్లీ నోరు తెరిచి, ఎందుకైనా మంచిదని మూసుకున్నాడు.

కింద మదార్ సాహెబ్ కత్తెర పక్కనపెట్టి చెప్పాడు. "నిన్న ముగ్గురే పైకి పోయినారమ్మా. పొద్దున జీవమ్మ. ఉగ్గాని బండి ఉండాదే, ఆమే. మా బేటీ ఆమెను కూర్చోబెట్టుకునే పెద్దమ్మను గీసింది. బొమ్మ పూర్తిగాకముందే బజ్జీలకు టైమైందని ఎల్లిపాయ. మధ్యాహ్నం బొమ్మలేసే ఉమామహేశ్. సందకాడ జీవమ్మ మొగుడు శివన్న, ఆమె మరిచిపోయిన టిఫిన్ క్యారియర్ తీసుకపోను వచ్చె. ఆయప్పది ఆటో. బండికి బొరుగులు తెచ్చిచ్చేదీ ఆయప్పే. భుజాన ఎప్పుడూ ఒక సంచి ఉంటాది."

"అప్పుడు నువ్వెక్కడున్నావు?" అని శివజ్యోతి మెహనాజ్‌ను అడిగింది.

"అట్టపెట్టె కొనేదానికి బజారుకు పోయినా. వచ్చేసరికి బొమ్మల మీద దుప్పటి కప్పినట్టే ఉంది. పొద్దున తీస్తే ఒకటి తక్కువ."

ఉమామహేశ్ ఫ్లెక్సీలు వేసే షాపులో దొరికాడు. ఈ పుస్తకం పని కోసం అతనూ ప్రయత్నించాడు, రాలేదు.

"ఏమప్పా, నిన్న మెహనాజ్ ఇంటికి ఎందుకు పోయినావు?"

"కుళ్లుకునేదానికి పోయినా మేడమ్" అన్నాడు అతను దాచకుండా. "పెద్దమ్మను చూసి ఇంటికొచ్చి నేను గీసిన పెద్దమ్మను చించి పారేసినా. అంత బాగుండాది."

"అందులో ఏ లోపమూ కనబడలేదా?"

"లేదు. కథలో ఎట్లుంటాదో అట్లే. పాపం, ముందూ వెనకా ఎవరూ లేని ముసలామె."

శివజ్యోతి మెహనాజ్ ఫోన్లో బొమ్మ ఫోటో తెరిపించి చాలాసేపు చూసింది. తర్వాత ఉగ్గాని బండి దగ్గరకు నడిచింది.

జీవమ్మ బజ్జీలు వేస్తోంది. నొసట రూపాయి బిళ్లంత బొట్టు, చేతుల నిండా పచ్చగాజులు. జల్లిగరిటె ఆడించినప్పుడల్లా అవి గలగలమంటున్నాయి.

"బొమ్మ పోయిందా? అయ్యో, నేనింకా సూడనే లేదే!" అంది జీవమ్మ. "నిన్నటినించి ఏదీ బాగలేదమ్మా. మా ఆయప్ప రాత్రి మెతుకు ముట్టలే. ఆటో తియ్యలే. గోడ దిక్కు తిరిగి కూసున్నాడు. ఏమప్పా నీ బాధ అంటే, 'నేనుండేది నీకు కనబడతాందా' అంటాడు. నాకు శానా బయంగా ఉండాది."

"భయపడాకు. మీ ఆయన్ను, ఆయన ఆటోను మదార్ సాహెబ్ షాపు కాడికి తీసుకురా" అంది శివజ్యోతి.

పన్నెండుకల్లా టైలర్ షాపులో అందరూ చేరారు. శివన్న అందరికంటే వెనక, వేలాడే చొక్కాల మధ్య నిలబడ్డాడు. శివజ్యోతి కుట్టుమిషను పక్కన స్టూలు మీద కూర్చుంది.

"అమ్ముకునేవాడైతే బంగారు రంగు బొమ్మ తీసుకపోతాడు. అసూయతో పాడుచేసేవాడు పైన కప్పే కాగితం జాగ్రత్తగా తీసుకపోడు. ఈ దొంగకు బొమ్మంటే ఇష్టమే. కానీ అందులో ఏదో తక్కువైంది. అది దిద్దాలనే రంగులు తీసుకపోయినాడు. సన్నకుంచె, ఎరుపు, ఆకుపచ్చ. ఒకసారి ఫోటో చూడండి. ఆ తర్వాత జీవమ్మను చూడండి."

అందరూ అటూ ఇటూ చూశారు. ముందుగా మెహనాజ్ నోటిమీద చెయ్యేసుకుంది.

"బొట్టు... గాజులు..."

"కథలో పెద్దమ్మకు ఎవరూ లేరని నువ్వు తీసేసినావు. కానీ ముక్కు, నవ్వు, మొహం అంతా జీవమ్మవే. దాన్ని చూసి నిన్న సాయంత్రం ఒకాయన గుండె గుభేలుమంది. బొరుగుల సంచిలో బొమ్మ దాచుకొని మెట్లు దిగినాడు. ఏం శివన్నా?"

శివన్న చొక్కాల మధ్యనుంచి బయటికొచ్చాడు. "నేను బతికే ఉండా గదా మేడమ్!" అన్నాడు. "దినామూ ఆరు బజ్జీలు తింటాండా! పుస్తకమంటే ఎన్ని ఊర్లోళ్లు సూస్తారు? శివన్న ఎప్పుడు పోయినాడని అడగరా? బొట్టు పెట్టి, గాజులేసి, ఎవరికీ తెలీకుండా మళ్లీ పెట్టేద్దామనుకున్నా. చెయ్యి వణికె. ఇంక తెచ్చేదానికి మొగం చెల్లలే."

ఆటో సీటు కింద నుంచి బొమ్మ వచ్చింది. కాగితం తీశారు. బొట్టు కారి ముక్కు కొసదాకా దిగింది. గాజులు తోటకూర కట్టల్లా ఉన్నాయి. మదార్ సాహెబ్ గడియారం చూశాడు.

మెహనాజ్ బొమ్మను చాలాసేపు చూసింది. తర్వాత కన్నీళ్లు తుడుచుకొని పకపకా నవ్వింది.

"రాజకుమారికి ట్రాక్టర్ ఇచ్చినా, రాక్షసునికి ట్యాంకర్ ఇచ్చినా. పెద్దమ్మను మాత్రం పాత కథలో మాదిరే ఒంటిగా వదిలేసినా. తప్పు నాది శివన్నా. ఇవి నీళ్లకు కరిగే రంగులే. అబ్బాజాన్, ఆ బల్ల ఖాళీ చెయ్యి!"

తడికుంచెతో ముక్కు శుభ్రమైంది. నొసట గుండ్రంగా బొట్టు నిలిచింది. గాజులు ఒక్కొక్కటీ విడివిడిగా మెరిశాయి. అంతటితో ఆగకుండా బండి వెనక పొగ ఉన్న చోట మెహనాజ్ ఇంకేదో గీయసాగింది. ఉమామహేశ్ తనంతట తానే అట్టపెట్టె కత్తిరించి సిద్ధం చేశాడు. మూడున్నరకు మహానంది భుజం మీది టవలు సర్దుకొని, "నాలుగు గంటల బస్సు డ్రైవరు మావాడే. బొమ్మను నేనే ఒళ్లో పెట్టుకోని తీసుకపోయి ఇస్తా" అని బయల్దేరాడు.

పెట్టె మూసేముందు జీవమ్మ మొదటిసారి బొమ్మ చూసుకుంది. ఉగ్గాని వడ్డిస్తూ తను నవ్వుతోంది. వెనకాల తలగుడ్డ చుట్టుకొని, పంచె ఎగ్గట్టి, శివన్న పళ్లేలు కడుగుతున్నాడు.

"ఇరవై ఏండ్లలో ఒక్క పళ్లెం కడిగినోడు గాదు ఈ మనిషి!" అని ఆమె నవ్వాపుకోలేక కుట్టుమిషను పట్టుకుంది.

"ఊరుకోవే, బయట చెప్పాకు" అన్నాడు శివన్న, సిగ్గుతో మీసం దాచుకుంటూ.

"చెప్పన్లే. రాక్షసులు, మాట్లాడే చిలకలు ఉండే పుస్తకం గదా, దీన్నీ నమ్ముతార్లే!"