రుచి లేని నీలి

ఉదయం 8.10. మదనపల్లెలోని రంగుల షెడ్డులో అల్మరా తాళం చెక్కుచెదరలేదు. లోపల ఉండాల్సిన జాడీ మాత్రం లేదు.

ఆ జాడీలో నాజ్నీన్ ఏడేళ్ల చాకిరీ ఉంది. నీలిమందును రసాయనికంగా మార్చి ఆమె చేసిన కొత్త రంగు. మామూలు నీలి తొట్టిలో కలిపే సున్నం, హైడ్రో పొడి దీనికి అక్కర్లేదు. నీళ్లలోనే కరుగుతుంది. ఆమె తయారుచేసిన వాష్ ద్రావణంలో ముంచితే గుడ్డను వదిలేస్తుంది. రంగూ నూలూ మళ్లీ వాడుకోవచ్చు. మూడింటికి కుప్పంలో నేత సంఘాల ముందు డెమో. ఇంకో జాడీ చేయాలంటే నాలుగు నెలలు.

"ఆరింటికి చూసినా మేడం, ఉండాది. ఇంటికి పోయి వచ్చేలోగా లేదు" అంది నాజ్నీన్.

ఎస్సై నందినికి ఓపిక తక్కువ. తాళంచెవులున్న ముగ్గురినీ నిలబెట్టింది. ముగ్గురి వేళ్లూ నీలమే. అది వృత్తి, సాక్ష్యం కాదు.

కానిస్టేబుల్ హనుమంతు వక్కాకు నోట్లో వేసుకోబోయాడు.

"ఈడ నమలకూడదు సార్" అంది షెడ్డులో పనిచేసే కౌసల్య. "గురప్ప మాస్టర్ రూలు. ఎంగిలి పడితే తొట్టి సెడిపోతాదంట."

హనుమంతు బుద్ధిగా జేబులో పెట్టుకున్నాడు.

"ఆరు, ఎనిమిది మధ్య ఎక్కడున్నారు?"

"ఆటో కోసం పోయినా" అన్నాడు నాజ్నీన్ తమ్ముడు అయాజ్.

"ఇంట్లో వంట చేస్తాండాను" అంది కౌసల్య.

"పుంగనూరు బస్సులో. ఇప్పుడే దిగినా" అన్నాడు గురప్ప, నిండు నోటితో. నాజ్నీన్‌కు రంగుల పని నేర్పిన మనిషి.

"తొట్లలో రంగుందా?"

"వారం నుంచి ఖాళీ మేడం" అన్నాడు అయాజ్.

నందిని గురప్పకు నీళ్లగ్లాసు ఇచ్చింది. "పుక్కిలించండి. నాలుక చూపించండి."

వక్కాకు ఎరుపు పోయింది. కింద నీలం తేలింది.

"నీలి తొట్టి కుదిరిందో లేదో మీలాంటి పాత మాస్టర్లు వేలు ముంచి నాకి చెబుతారట. ఈ రంగుకు ఆ అవసరమే లేదు. అలవాటు ఊరుకోలేదు. ఆ నీలం దాచడానికి వక్కాకు నమిలి మీ రూలు మీరే తప్పారు."

గురప్ప సున్నం డ్రమ్ము వెనక నుంచి జాడీ తీసి పెట్టాడు.

"నిజమో కాదో సూద్దామనుకున్నా. పులుపు లేదు, సున్నం ఘాటు లేదు. ఇది వచ్చినాక నా నాలుకతో ఎవరికి పనమ్మా?"

"నీ పేరు కూడా పెట్టినా మాస్టర్" అంది నాజ్నీన్. డెమో కార్డు బల్ల మీద పెట్టింది. మొదటి పేరు గురప్పది.

ఆయన కార్డు చదివి తల దించుకున్నాడు.

"కేసు రాయమంటావా?" అడిగింది నందిని.

"వద్దు మేడం." నాజ్నీన్ జాడీని గుండెకు హత్తుకుంది. గురప్ప రెండడుగుల దూరంలోనే ఉన్నా, నందినినే చూస్తూ చెప్పింది.

"తాళంచెవి ఇచ్చి పొమ్మని ఆయనకు సెప్పండి."