కన్నబాబుని పిలవొద్దు

పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో పొద్దెక్కాక రాత్రి మొదలయ్యే ఇళ్లు కొన్ని ఉన్నాయి. తెల్లవార్లూ సముద్రం మీద ఉన్న మగవాళ్లు చేపలు దించి, కడుపునిండా తిని, కిటికీలకు దుప్పట్లు కట్టుకుని పడుకుంటారు. బయట ఆటోలు, చేపల బేరాలు, పిల్లల గోల మామూలుగానే సాగుతుంటాయి. వీళ్లకు అవేవీ పట్టవు.

అలాంటి ఒక ఇంటికి నేను ఈసీజీ మిషను భుజాన వేసుకుని వెళ్లాను. నా పేరు ధనరాజు. మాది అదే ఊళ్లో బతు బస్తీ. గుండె లయ తప్పే జబ్బుల మీద పరిశోధన చేస్తున్న డాక్టర్ యుగంధర్ గారి దగ్గర టెక్నీషియన్ని. నా గొప్ప నేనే చెప్పుకోకూడదు గానీ, పోర్ట్ బ్లెయిర్‌లో నా అంత శుభ్రంగా ఈసీజీ తీసేవాడు ఇంకొకడు లేడు. గాలి సోకిందని, దెయ్యం ఛాతీ మీద కూర్చుందని ఎవరైనా చెబితే నాకు నవ్వాగదు. ఆ రోజు దాకా ఆగలేదు.

కామమ్మ ఇంట్లో మగవాళ్లు నిద్రలో పోతారు. ఆమె మొగుడు అలాగే పోయాడు. పెద్దకొడుకు, పెద్దబ్బాయి అనే పిలిచేవారు, ఒక్కడే వల లాగేంత మనిషి, వాడూ అలాగే పోయాడు. మిగిలింది చిన్నవాడు కన్నబాబు. వాడి పెళ్లాం చిట్టితల్లికి నెలలు నిండుతున్నాయి.

ఇది వంశంలో నడిచే జబ్బని డాక్టరుగారి అనుమానం. గుండె చూడ్డానికి లక్షణంగా ఉంటుంది, అందులో కరెంటు నడిచే దారిలోనే లోపం. మెలకువగా ఉన్నప్పుడు ఈసీజీ తీస్తే ఏమీ దొరకదు. బాగా తిని ఆదమరిచి నిద్రపోతున్నప్పుడు బయటపడుతుంది. ఆ గుర్తు ఉన్న గీత ఒక్కటి చేతికొస్తే చాలు, కన్నబాబుని చెన్నై పంపి, గుండె ఆగితే తనంతట తానే షాక్ కొట్టి నడిపించే చిన్న యంత్రాన్ని ఛాతీలో పెట్టిస్తారు. వాడు బతికి బట్టకడతాడు. నేను వెళ్లింది ఆ గీత కోసమే.

"ముందు నీ ఫోను ఇటివ్వు బాబూ," అంది కామమ్మ, గుమ్మం దగ్గరే.

"ఎందుకమ్మా?"

"మోగితే ఆడు లెగుస్తాడు. మా ఇంట్లో పడుకున్నోణ్ణి ఎవులూ లేపరు. పేరెట్టి అసలే పిలవరు. ఆడికాడే లెగాల."

"పిలిస్తే ఏమవుతుంది?"

"ఆడు పలకడు. ఇంకోడు పలుకుతాడు."

నేను కన్నబాబు వైపు చూశాను. చొక్కా విప్పి చాప మీద కూర్చుని, వైర్లు తగిలించే స్టిక్కర్లు అంటించుకోవడానికి తయారుగా ఉన్నాడు. "అరే భయ్యా, అమ్మ చెప్పింది విను, బస్," అన్నాడు నవ్వుతూ. "లేపోతే నన్ను పడుకోనీదు. మా అన్నని పడవకి ఆలిస్సమైందని ఎవడో వచ్చి పిలిసీసాడంట. అప్పుట్నించీ ఈవిడ తలుపు బయట గడియ ఎట్టీసి కూకుంటాది."

"ఆడు లెగిసి 'అమ్మా, తలుపు తియ్యి' అంటేనే తీస్తాను," అంది కామమ్మ. "నువ్వు ఎంత బాదినా తియ్యను. నాకు మావోడి గొంతు ఇనపడాల."

సరేనన్నాను. మనకు కావలసింది గీత. దానికోసం ఓ పూట గదిలో కూర్చుంటే అరిగిపోతానా? చిట్టితల్లి నాకో గ్లాసు టీ ఇచ్చి, "బాగా చూడండి భయ్యా," అని మెల్లగా చెప్పింది. తలుపు మూసుకుంది. గడియ పడిన చప్పుడు వినిపించింది.

చిన్న గది. రేకుల కప్పు. ఒకే కిటికీ, దానికి మందపాటి దుప్పటి. ఉప్పు పట్టిన తాళ్లు, ఎండు చేప, కిరసనాయిలు కలిసిన వాసన. కన్నబాబు పడుకున్న కాసేపటికే గురక మొదలుపెట్టాడు. నేను గోడకు ఆనుకుని, ఒళ్లో మిషను పెట్టుకుని, పచ్చగా వెలిగే గీతను చూస్తూ కూర్చున్నాను. ఆ గదిలో ఉన్న వెలుతురు అదొక్కటే.

తర్వాత వాన అందుకుంది. మా దీవుల్లో వానకు ముందూ వెనకా ఉండదు. రేకుల మీద అది పడుతుంటే బయటి గోల మొత్తం కొట్టుకుపోయింది. ఆటోలు లేవు, బేరాలు లేవు. అడుగు దూరంలో పక్కిల్లు ఉంది, ఆ గోడకు పక్కన ఇంకో ఇల్లుంది. అయినా ఎక్కడో నడిసముద్రంలో పడవ అడుగున మూసిపెట్టినట్టు అనిపించింది నాకు.

అప్పుడే గీత మారింది.

కొండచిలువ పడగ ఎత్తదు గానీ, ఎత్తితే ఎలా ఉంటుందో అలా, ప్రతి కొట్టుకూ తోక దగ్గర ఒక వంపు లేచింది. ఆ గుర్తే. పుస్తకాల్లో బొమ్మ వేసినట్టే ఉంది. మీట నొక్కి కాగితం మీదకు తీసుకున్నాను. అయిపోయింది, వీడు బతికాడు అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

కాగితం చింపి తల ఎత్తేసరికి తెర మీద గీత సాపుగా ఉంది.

మా పనిలో గీత సాపుగా వస్తే ముందు మనిషిని చూడం, వైరును చూస్తాం. నూటికి తొంభైసార్లు లీడు ఊడి ఉంటుంది. స్టిక్కర్లు ఒక్కొక్కటీ నొక్కాను. అన్నీ గట్టిగానే ఉన్నాయి. మిషను పాడైందేమోనని చేతుల క్లిప్పులు పీకి నా మణికట్లకు పెట్టుకున్నాను. నా గుండె తెర మీద దడదడా పరిగెత్తింది. మిషను బాగానే ఉంది. క్లిప్పులు మళ్లీ వాడికి పెట్టాను, గీత సాపు.

గురక ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు.

తలుపు మీద పడ్డాను. "అమ్మా! తలుపు తియ్యి! కామమ్మా!" రెండు చేతులతో బాదాను. వానలో నా గొంతు నాకే వినపడలేదు. విన్నా ఆవిడ తియ్యదు. ముందే చెప్పింది కదా. కిటికీ దుప్పటి లాగేశాను. వెనక ఇనుప చువ్వలు, వాటి వెనక పక్కింటి గోడ. నా ఫోను తలుపుకు అవతల ఆవిడ ఒళ్లో ఉంది. జీవితంలో మొదటిసారి నాకు ఏడుపొచ్చింది, భయంతో వచ్చే ఏడుపు.

వెనక్కి పరిగెత్తి వాడి పక్కన మోకాళ్ల మీద కూలబడ్డాను. మాకు నేర్పిన పద్ధతి ఒకటుంది. పడిపోయిన మనిషిని ముందు భుజాలు పట్టి కుదిపి, గట్టిగా పిలవాలి. తర్వాతే ఛాతీ నొక్కడం. ఎన్ని శిక్షణల్లో చేశానో, ఎన్ని రబ్బరు బొమ్మల్ని పిలిచానో... నా నోరు నన్ను అడగలేదు.

"కన్నబాబూ! కన్నబాబూ!"

పలకలేదు.

రెండు చేతులూ కలిపి ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టాను. నొక్కినప్పుడల్లా తెర మీద గీత ఎగిరిపడుతోంది. ఆపితే సాపు. నొక్కుతూనే పిలిచాను. "కన్నబాబూ... లేవరా... నీ పెళ్లాం బయటుందిరా... కన్నబాబూ..."

"ఆఁ."

ఆగిపోయాను.

ఆ మాట నా చేతుల కింద నుంచి రాలేదు. వెనక నుంచి వచ్చింది. తాళ్లు కుప్పపోసిన మూల నుంచి.

తల తిప్పలేదు. తిప్పలేకపోయాను. కన్నబాబు నోరు కాస్త తెరిచి ఉంది, పెదవులు కదల్లేదు. ఉప్పు తాళ్ల వాసన ఉన్నట్టుండి ముదిరింది... తడిసినట్టు, చాలాకాలం నీళ్లలో నానినట్టు. మూల నుంచి నా వీపు దాకా వచ్చింది. వచ్చి ఆగింది. నా మెడ మీద చల్లగా ఏమీ తగల్లేదు, ఎవరూ ముట్టుకోలేదు. కానీ నా భుజం మీదుగా ఎవరో వంగి, చాప మీదున్న మనిషిని చూస్తున్నారని నాకు తెలుస్తోంది.

కళ్లు మూసుకున్నాను. రేకుల మీద వాన ఉన్నట్టుండి ఆగింది.

నా చేతుల కింద ఛాతీ ఒకసారి బరువెక్కింది. బియ్యం పోసేటప్పుడు బస్తా బరువెక్కినట్టు, మెల్లగా.

"అమ్మా," అంది కన్నబాబు గొంతు, ఈసారి వాడి నోట్లోంచే. "తలుపు తియ్యి."

కళ్లు తెరిచి తెర చూశాను. గీత సాపుగానే ఉంది.

గడియ తీసిన చప్పుడు. వెలుతురు పడింది. కన్నబాబు వైర్లు ఈడ్చుకుంటూ లేచి, నన్ను దాటుకుని, గుమ్మం వైపు నడిచాడు. చిట్టితల్లి నవ్వుతూ ఎదురొచ్చింది. "ఇంత తొరగా లెగిసీసావేటి?" అంది. వాడు పీట మీద కూర్చున్నాడు. ఆమె కంచంలో అన్నం, చేపల పులుసు పెట్టింది. వాడు కంచాన్ని చూస్తూ కూర్చున్నాడు.

కామమ్మ నా దగ్గరకు వచ్చింది. నా ముఖం చూడగానే ఆవిడ ముఖంలో రక్తం పోయింది.

"పిలిసావా?" గుసగుసగా అడిగింది.

నేను తల ఊపాను. క్షమించమన్నాను.

ఆవిడ ఏడవలేదు. గోడ పట్టుకుంది. "చిట్టితల్లికి చెప్పకు," అంది. "కడుపుతో ఉంది గుంట." తర్వాత వీధి తలుపు దగ్గరకు వెళ్లి, లోపలి గడియ పెట్టి, దానికి అడ్డంగా బైఠాయించింది.

"అమ్మా, నన్ను వెళ్లనివ్వు. డాక్టరుగారిని తీసుకొస్తాను."

"నువ్వు పిలిసినావు కదా. నువ్వే ఉండు బాబూ. ఆడ కూకున్నోడు ఎవడో నాకు తెలీదు. నీ పిలుపుకి వచ్చినోడు."

"ఏటి అత్తా, గుసగుసలు?" అంది చిట్టితల్లి అక్కడి నుంచి. "భయ్యా, మిషను ఏమంది? ఒకసారి నా ముందర చూపించండి, ప్లీజ్. నాకూ మనసు నెమ్మదిస్తుంది."

మిషను తెచ్చి వాడి ముందు కూర్చున్నాను. వైర్లు మళ్లీ తగిలించాను. వాడు నన్నే చూస్తున్నాడు, కోపంగా కాదు, మర్యాదగా. తెర వెలిగింది.

గుండె కొట్టుకుంటోంది. వంపు లేదు, లోపం లేదు. ఇంత చక్కని గీత నా సర్వీసులో చూడలేదు. చిట్టితల్లి చేతులు జోడించి దేవుడికి దండం పెట్టుకుంది. ఆమెతో పాటు నేనూ ఏడ్చేసేవాణ్ణే. కానీ నా కళ్లు పనికి అలవాటుపడ్డ కళ్లు. బతికున్న గుండె ఊపిరితో పాటు కాస్త ముందుకూ వెనక్కూ ఆడుతుంది. లోపలికి పీలిస్తే తొందరపడుతుంది, వదిలితే నిదానిస్తుంది. ఈ గీత ఆడటం లేదు. వెంట్రుకవాసి తేడా లేకుండా కొడుతోంది.

"ఒకసారి ఊపిరి పీల్చు," అన్నాను. పేరు పెట్టలేదు.

వాడు కదల్లేదు. అప్పుడు గమనించాను, కూర్చున్నప్పటి నుంచీ వాడి ఛాతీ కదల్లేదని. నా మాట అర్థం కానట్టు కాసేపు నా వైపే చూశాడు. తర్వాత తల తిప్పి, పక్కనే నిలబడ్డ చిట్టితల్లిని చూశాడు. ఆమె రొమ్ము పైకి లేవడం, కిందికి దిగడం... మళ్లీ లేవడం... శ్రద్ధగా చాలాసేపు చూశాడు.

అప్పుడు నా వైపు తిరిగి, తన ఛాతీని మెల్లగా పైకి లేపాడు.

"ఇలాగేనా?" అన్నాడు.