వెనక ఎడమవైపు

మా అమ్మాయి శ్రీసత్యకు ఆరేళ్లు. పక్కన నేను "ష్... ష్..." అంటూ జోకొడితే తప్ప నిద్రపోదు. అదేమో తణుకులో, నేనేమో గాజువాకలో. అందుకని రోజూ పడుకునే వేళకు వాళ్ల నాన్న ఫోను దాని దిండు పక్కన పెట్టి వెళతారు. ఇక్కడ నేను ఖాళీ మంచం మీద కూర్చుని, ఎవరూ తల పెట్టని దిండును తడుతూ జోకొడతాను. అటు నుంచి చిన్నగా గురక వినిపించాక కూడా ఫోను పెట్టెయ్యబుద్ధి కాదు.

నేను ఉక్కు ఫ్యాక్టరీ లేబొరేటరీలో పనిచేస్తాను. మా ఆయన కామరాజు గారు తణుకులో లెక్చరర్. పిల్లల చదువులు అక్కడే. జ్వరం మందు ఎంత వెయ్యాలో, స్కూలు బస్సులో ఏ వైపు కూర్చోవాలో, అన్నీ ఫోన్లోనే చెప్పి పెంచుతున్నాను. "నువ్వు దగ్గరుంటే ఇన్ని జాగ్రత్తలు చెప్పవు భ్రమరా" అని నవ్వుతారాయన.

వేసవిలో పిల్లలు రాలేదు. పెద్దవాడు నాగవంశీ మొండికేశాడు. "అక్కడికొచ్చి ఏం చెయ్యాలమ్మా? నువ్వు డ్యూటీకెళ్తే తాళం వేసిన ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవాలి." వాడి మాటలో అబద్ధం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

దసరా సెలవులకు మన హాలే సినిమా హాలు అవుతుందని ఆశ పెట్టాను. వాడి గొంతు ఒక్కసారిగా మారిపోయింది. "వెనక స్పీకర్లు కూడా ఉండాలమ్మా! మన వెనకాల ఎవరో నడిచినట్టు వినిపించాలి!"

ఆటోనగర్ వెళ్లే దారిలోని ఒక షాపులో స్పీకర్లు బేరం చేశాను. కుర్రాళ్లను పంపకుండా యజమాని సాయిశంకరే స్వయంగా వచ్చి బిగిస్తాడట. ఈ శబ్దం పిల్లల చెవులకు మంచిదేనా, పెట్టెల అంచులు తగిలితే దెబ్బ తగులుతుందా, స్టాండు పిల్లల మీద పడుతుందా అని అడుగుతూనే ఉన్నాను.

"అప్పా, నువ్వు స్పీకర్లు కొంతన్నావా, పెళ్లికొడుకుని సూత్తన్నావా?" అన్నాడు. వాళ్ల యాసలో అప్ప అంటే అక్క. "నీ గది సిన్నది. ఈ యాంప్లిఫయరు సాల్తాది. ఇంతకంటే పెద్దది ఏటి సేసుకుంటావు? పక్కింటోళ్లు తగువుకొత్తారు."

శనివారం వచ్చి ముందు వైపు మూడు స్పీకర్లు, బాస్ పెట్టె బిగించాడు. ఎర్ర తీగ ఎర్రదానికి, నల్లది నల్లదానికి. ఒక్క పోగు పక్కదానికి తగిలినా యాంప్ పాడైపోతుందన్నాడని టార్చి వేసి ప్రతి కొసా చూసుకున్నాను. వెనక రెండు స్పీకర్లకు తీగ చాలలేదు. నేల మీద లాగితే పిల్లలు తట్టుకుని పడతారని గోడ వెంబడి తిప్పించమన్నాను. సోమవారం పొద్దున్నే తీగ తెస్తానన్నాడు. పిల్లల రైలు వచ్చేది సోమవారం మధ్యాహ్నానికి.

వెళ్తూ వెళ్తూ ఒక చిన్న మైకు నా చేతిలో పెట్టాడు. "పిల్లలు కూకునే కాడ, ఆళ్ల సెవి ఎత్తులో ఇది పెట్టి, బటన్ నొక్కి బైటికి పో. ఒక్కో స్పీకర్‌లోంచి గాలి సౌండొత్తాది. అది ఇని ఏది ఎంత దూరంలో ఉన్నాదో యాంపే లెక్కకడతాది. గదిలో మనిషుండకూడదు. ఉంటే లెక్క తప్పుతాది."

"మరి వెనకవి ఇంకా తగిలించలేదు కదా?"

"లేవని అదే సెప్తాది. నీకంటే జాగర్త అప్పా దానికి."

ఆదివారం మా వీధి పక్కనే ఉన్న ఆటోనగర్‌లో షెడ్లన్నీ మూసేస్తారు. రోజంతా వినిపించే సుత్తుల మోత, గ్రైండర్ల రొద ఏదీ లేదు. దీపాలు పెట్టే వేళకే వీధి నిశ్శబ్దంగా అయిపోయింది. సోఫాలో దిండ్లు పేర్చి, శ్రీసత్య కూర్చుంటే దాని చెవి ఎక్కడికొస్తుందో ఊహించుకుని మైకు పెట్టాను. ఆ ఎత్తు నాకు తెలుసనే అనుకున్నాను. తర్వాత అనుమానం వచ్చింది. చూసి చాలా రోజులైంది, ఎదిగుంటుంది. మరో దిండు వేశాను.

ఫ్యాన్ ఆపాను. ఫ్రిజ్ ఆపాను. గోడ గడియారంలో బ్యాటరీ తీసేశాను. బటన్ నొక్కి, వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నాను.

ఎడమ నుంచి "ష్‌ష్‌ష్"... మధ్య నుంచి "ష్‌ష్‌ష్"... కుడి నుంచి. గాలి సౌండంటే ఇదా అని నవ్వొచ్చింది. నేను పిల్లను జోకొట్టినట్టే ఉంది. తర్వాత బాస్ పెట్టె నేలను ఒకసారి అదిరించింది.

ఇక వెనకవి. స్పీకర్లు లేవు కాబట్టి చప్పుడు ఉండదు.

చప్పుడు లేదు.

తర్వాత వచ్చింది... మెత్తగా. "ష్... ష్..." మధ్యలో చిన్న విరామం. మళ్లీ "ష్... ష్..."

ఆ విరామంలో ఎవరో ఊపిరి పీల్చుకున్నారు.

తలుపు తీశాను. హాల్లో ఎవరూ లేరు. కొత్త ప్లాస్టిక్ వాసన పోయి, మరో వాసన నిండి ఉంది. పచ్చిపాలు, నువ్వుల నూనె, సాంబ్రాణి పొగ. చంటిబిడ్డకు నీళ్లు పోసిన ఇంటి వాసన. ఈ ఇంట్లో నేనెప్పుడూ చంటిబిడ్డను ఎత్తుకోలేదు.

టీవీ తెర మీద లెక్క సిద్ధంగా ఉంది. ముందు మూడు స్పీకర్లూ సరిగ్గా ఉన్నాయి. వెనక కుడి: లేదు.

వెనక ఎడమ: ఉంది. దూరం: ఒక అడుగు.

యాంప్ వెనక చూశాను. ఆ తీగల రంధ్రాలు ఖాళీగానే ఉన్నాయి. వెనక స్పీకర్ల అట్టపెట్టె మూలనే ఉంది, వేసిన టేపు వేసినట్టే. మైకు నుంచి వెనక్కి అడుగు కొలిచాను. సోఫా వీపు దాటి, గోడకు ముందు, మనిషి నిలబడేంత సందు.

సాయిశంకర్‌కు ఫోన్ చేశాను. నవ్వాడు. "పెట్టెలో ఉన్న స్పీకర్ ఎలా పలుకుతాదప్పా? నువ్వు పక్కన నిలబడి ఊదేవేటి?"

"నేను వంటింట్లో ఉన్నాను."

"ఇంకెవులున్నారు?"

"ఎవరూ లేరు. ఒక్కదాన్నే."

ఈసారి నవ్వు లేదు గొంతులో.

"మరి నీ పక్కన పిల్లని జోకొడతన్నది ఎవులప్పా?"

నాకేమీ వినిపించలేదు... గదంతా నిశ్శబ్దం. అతనికి వినిపిస్తోంది.

ప్లగ్గు లాగేశాను. చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వచ్చి తాళం వేసి, మెట్లు దిగి, వీధి దీపం కింద నిలబడ్డాను. ఒకటే ఆలోచన. ఆ సోఫాలో నా పిల్ల కూర్చోకూడదు.

కామరాజు గారికి ఫోన్ చేశాను. "రేపు రావద్దండి."

"అదేమిటి? సంచులన్నీ సర్దేశాం. పిల్లాడు రెండు రోజులుగా నేల మీద నిలబడటం లేదు."

"ఇంట్లో... కరెంటు పని ఉంది. ప్రమాదం. రావద్దు."

పక్కనుంచి నాగవంశీ గొంతు. "నాకు తెలుసు. అమ్మ ఎప్పుడూ ఇంతే." తలుపు ధడాలున వేసుకున్న చప్పుడు. ఆ మాట ఓర్చుకున్నాను. ఇంత దూరం నుంచి నేను వాళ్లకు చెయ్యగలిగిన కాపలా ఇదొక్కటే.

"వాణ్ని నేను చూస్తాలే. డాబా మీదికి వెళ్లాడు," అన్నారాయన. "చిన్నది పడుకుంది, కళ్లు తెరిచే ఉంది. ఫోను దాని దగ్గర పెడుతున్నా. జోకొట్టు."

దిండు మీద ఫోను పెట్టిన గరగర. ఆయన అడుగులు దూరమయ్యాయి. ఎవరైనా విన్నా ఫర్వాలేదనుకున్నాను. వీధిలోనే జోకొడదామని కళ్లు మూసుకుని, గొంతు సవరించుకున్నాను.

"ష్... ష్..."

నేనింకా నోరు తెరవలేదు.

"సత్యా," అన్నాను గుసగుసగా. "నాన్న వచ్చారా?"

"ఊహూ... నాన్న డాబా మీద." నిద్రమత్తులో ఉంది. "ఆపకమ్మా. బాగుంది."

"తల్లీ, లే. లైటు వెయ్యి. నాన్న దగ్గరికి వెళ్లు."

"ఎంత దగ్గరగా ఉన్నావో ఇవాళ..." ఆవులించింది. "నీ ఊపిరి చల్లగా తగులుతోంది. వెనక నుంచి."

గట్టిగా అరిచాను. దాని పేరు పెట్టి, ఆయన పేరు పెట్టి అరిచాను. వీధిలో కిటికీలు తెరుచుకున్నాయి. తణుకులో ఎవరూ పలకలేదు.

అరిచి అరిచి, వినడానికి ఊపిరి బిగపట్టాను.

చిన్నగా గురక. దాని వెనకే, తొందరేమీ లేకుండా...

"ష్... ష్..."