గొంతు దాటని రుచి

ఏడో పీపా చుక్కని నూకరత్నం నాలుక మీద తిప్పి, అంగిలికి ఆనించి, పద్నాలుగు లెక్కపెట్టి తొట్టిలో ఉమ్మేసింది. నాలుకకి అంటించిన పట్టీ నాలుగు క్షణాల్లో చల్లబడింది. రుచి ముద్ర పూర్తయిందన్నమాట.

"మూడు పదాలు చెప్పండి," అంది చెవిపూసలోంచి తూనిక యంత్రం.

"ఎండు ఖర్జూరం. కాలిన పంచదార. తడి చెక్క."

"మూడూ పదకోశంలో ఉన్నాయి. ఆమోదం."

ఉండకేం చేస్తాయి! కోశంలో ఉన్నవి రెండువందల పన్నెండు మాటలు. పదకొండేళ్లుగా వాటినే అటు తిప్పీ ఇటు తిప్పీ చెబుతోంది నూకరత్నం. గోరువెచ్చని నీళ్లతో నోరు పుక్కిలించి, ఉప్పు వేయని గంజి రెండు గుక్కలు తాగింది. రుచి చూసి తీర్పు చెప్పే రుచరి ఉద్యోగంలో చేరినవాళ్లు కారం ముట్టకూడదు, పులుపు ముట్టకూడదు, ఇంగువ వాసన తగిలే ఇంట్లో కూడా ఉండకూడదు. చేరిన కొత్తలో ఆమెకి కలల్లో ఆవ పెట్టిన పనసపొట్టు కూర కనబడేది. ఇప్పుడు అదీ రావడం మానేసింది. విసుగు కూడా పాతబడిపోయింది.

ఇంకా నలభై రోజులు. ఆ నలభై రోజులూ గడిస్తే పట్టీ ఊడదీసి, కొండ మీద ఒక చల్లగది ఇస్తారు. కింద మైదానంలో పొద్దున్న తొమ్మిదింటికే యాభై డిగ్రీలు. అక్కడ మనుషులు బతుకుతున్నారంటే బతుకుతున్నారు, అంతే. చల్లగది కోసమే ఆమె ఈ చప్పిడి బతుకు ఒప్పుకుంది. ఆ మాట ఎవరడిగినా దాచుకోకుండా చెబుతుంది.

ఆమె నిలబడింది ఒకప్పుడు రైళ్లు తిరిగిన కొండ సొరంగంలో. పట్టాలు పీకేసి, రెండు వైపులా బార్లీవైన్ అనే చిక్కటి పాత బీరు పీపాలు పేర్చారు. బార్లీ పంట పోయి ఇరవై ఏళ్లయింది కాబట్టి ఇక కొత్తది కాచేవాళ్లు లేరు. ఉన్న సారాన్ని ఎవరూ తాగరు కూడా. ఏడాదికొకసారి రుచరి వచ్చి ఒక చుక్క నాలుక మీద వేసుకుంటే, ఆ ముద్ర పట్నాలకి పోతుంది. అక్కడ లక్షలమంది ఆ రుచి ఎక్కించిన ముద్రనీళ్లలో దాన్ని చప్పరిస్తారు. ముద్ర నెగ్గితే పీపా ఇంకో ఏడాది మాగుతుంది. నెగ్గకపోతే అడుగు కవాటం తెరుచుకుని కాలవలోకి పోతుంది.

ఎనిమిదో పీపా దగ్గర సన్యాసినాయుడు నిలబడి ఉన్నాడు. ఈ సొరంగానికి కాపలాదారూ, పీపాల చెక్క బిగించే వడ్రంగీ అతనే. డెబ్భై దాటిన మనిషి. మామూలుగా రుచరి వస్తే దూరంగా కూర్చుని ఇనపపట్టీలకి నూనె రాసుకుంటూ ఉంటాడు. ఇవాళ కదల్లేదు.

"ఏటి బాబాయ్, అలా నిలబడిపోయావు?"

"ఇది కూడా పోతే సొరంగం మూసీత్తారంటమ్మా. నన్ను కిందికి దింపీత్తారు," అన్నాడు నాయుడు. "ఆ ఎండలో నానెన్నాళ్లుంటాను సెప్పు? మా బాగుంటే పది రోజులు."

నూకరత్నానికి ఆ లెక్క తెలుసు. మిగతా ఏడు పీపాల గడువూ ఈ ఏటితో తీరిపోయింది, వాటిని పట్నం గిడ్డంగికి తీసుకుపోతున్నారు. ఇక్కడ మిగిలేది ఇదొక్కటే. ఇదే విడతలో కాచిన మూడు పీపాలు నిరుడూ, అంతకు ముందేడూ కాలవలో పోయాయి. వాటి మీద మాట చెప్పింది తనే.

కొళాయి తిప్పింది. చుక్క చిక్కగా, ఎండిన ఇప్పపువ్వు రంగు తిరిగిన తేనెలా జారింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముందు కిస్మిస్, ఆ వెనక పాత విస్కీ చెక్క, అడుగున తాటిబెల్లం పాకం పొయ్యి మీద మరుగుతున్న వాసన. నాలుక మీద వేసుకుంది. తియ్యగా, బరువుగా, నోరంతా పూత పూసినట్టు పట్టుకుంది. పద్నాలుగు లెక్కపెట్టి ఉమ్మేసింది. పట్టీ చల్లబడింది.

"తీపి మితిమీరింది. ముగింపు లేదు," అంది తూనిక. "గత మూడు పీపాలతో ముద్ర సరిపోలింది. మీ మాట?"

ఇక్కడ ఆమె "సరే" అనాలి. ఆ ఒక్క మాట మనిషి నోటి నుంచి రాకపోతే కవాటం తెరుచుకోదు. అందుకే తనని మేపుతున్నారు.

"నా మాట ఇప్పుడే చెప్పను. రెండో గుక్క తీసుకుంటాను."

"మీకు హక్కుంది. పదకొండేళ్లలో మీరిది వాడటం మొదటిసారి."

"అదీ నువ్వే లెక్కపెట్టావా తల్లీ," అని గొణుక్కుంది.

నాయుడు దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించాడు, చెవిలో ఉన్నది వినదనుకున్నాడో ఏమో పిచ్చిమనిషి. "అమ్మా, నానొకటి సెప్తాను, తిట్టకు. బిరడా బిగించినప్పుడు ఏడాదికో సెంచాడు తాగుతాను నాను. మా అయ్య కూడా అలాగే సేసీవోడు. తాగకుండా బిరడా బిగిత్తే పీపా ఎలాగుందో ఎలా తెలుస్తాది? దీనికి ముగింపు నేదంటే నానొప్పుకోను. ఉంది. కానీ అది నాలిక మీదుండదు."

"మరెక్కడుంటుంది?"

అతను తన ఎండిపోయిన గొంతు మీద వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడ. నువ్వేటో ఉమ్మీసి ఎల్లిపోతావు."

నూకరత్నం తను ఉమ్మిన తొట్టి వైపు చూసింది. ఉమ్మాలన్న నియమం ఎందుకు పెట్టారో ఆమెకి తెలుసు. రోజుకి ఎనిమిది పీపాలు, మింగితే అయిదో దానికే తల తిరిగి ముద్ర చెడుతుంది. నియమం సబబైనదే. కానీ కాచేటప్పుడు వేసే హాప్స్ పూల చేదు పట్టేది నాలుక మొదట్లోనూ గొంతులోనూ కదా. చేదు లేకుండా తీపిని తూచితే మితిమీరక ఏమవుతుంది? ఇంత చిన్న సంగతి ఇన్ని సొరంగాల్లో, ఇంతమంది రుచరులకి తట్టలేదు. తట్టినా, ఉమ్మడం అలవాటైన నోరు అడగలేదు.

మింగితే ఏమవుతుందో కూడా ఆమెకి తెలుసు. నియమం తప్పినందుకు ఆ నలభై రోజులూ పోతాయి, గది పోతుంది. నాయుడి పక్కనే తనూ కింద ఎండలో నిలబడాలి. మింగకపోతే నాయుడొక్కడే పోతాడు. ఎవరూ తనని ఏమీ అనరు కూడా.

"ఒద్దులే తల్లీ," అన్నాడు నాయుడు ఆమె మొహం చూసి. "నీ గది సంగతి మర్సిపోయాను. ముసిలోణ్ణి, ఏదో వాగీసినాను."

"నువ్వుండు బాబాయ్."

రెండో గుక్క తీసుకుంది. పద్నాలుగు లెక్కపెట్టలేదు. మింగింది.

ముందు వేడి దిగింది, గొంతు నుంచి గుండెల్లోకి, అక్కణ్నించి పక్కటెముకల్లోకి. తీపి ఎక్కడికో తప్పుకుని దారిచ్చింది. దాని వెనక చేదు లేచింది, దోరగా వేగిన మెంతుల్లాంటి పెద్దమనిషి చేదు, తొందరపడనిది. గొంతులోంచి వాసన మళ్లీ ముక్కులోకి ఎక్కితే పొగాకు, నారింజ తొక్క, తేనెపట్టు మైనం. చేదు సన్నగిల్లుతుందనుకునే లోపల ఉప్పు లాంటిదేదో, ఆ తర్వాత మళ్లీ తీపి, కానీ ఈసారి వయసు మళ్లిన తీపి. ఇవేవీ కోశంలో లేవు. నూకరత్నానికి ఏడుపొచ్చింది. రుచికి కాదు. కాలవలో పోయిన మూడు పీపాలకి.

పట్టీ చల్లబడలేదు. పది క్షణాలు, ఇరవై, నలభై.

"మీరు మింగారు," అంది తూనిక.

"అవును."

"పొరపాటున జరిగిందని నమోదు చేయవచ్చు. ఈ ముద్ర కొట్టివేయబడుతుంది. మీ నలభై రోజులు యథాతథంగా ఉంటాయి. పొరపాటేనా?"

నాయుడికి చెవిపూస లేదు, అతనికేమీ వినబడటం లేదు. ఆమె పెదాల వైపే చూస్తున్నాడు. ఒక్క మాట అంటే చాలు. కొండ మీద గది, కిటికీ, సాయంకాలం ఇష్టమైన కూర. నూకరత్నం కళ్లు తుడుచుకుంది.

"కాదు. కావాలనే మింగాను. మొదటి గుక్క తప్పు, ఇది ఒప్పు. ఆ మూడు పీపాల మీద నేను చెప్పిన మాట కూడా తప్పే. రాసుకో."

పట్టీ ఇంకా వెచ్చగానే ఉంది.

"మీ పాత మాట తప్పయితే ఉమ్మిన ముద్రలన్నీ సందేహమే," అంది తూనిక. "అన్ని సొరంగాల్లోనూ ఇదే పద్ధతి. ఏ కవాటమూ తెరవలేను. ఏ ముద్రనూ పంపలేను. రుచరులందరినీ ఒకేసారి చెవిపూసల్లో కలుపుతున్నాను. మీరు చేసింది వారికి చెప్పండి."

చెవిలో చిన్న చప్పుడైంది. ఆ వెంటనే ఊపిరులు వినిపించాయి, పదులకొద్దీ. పదకొండేళ్లలో తోటి రుచరి గొంతు ఒక్కటి కూడా ఆమె వినలేదు. జరిగింది జరిగినట్టు నాలుగు ముక్కల్లో చెప్పింది.

ఎక్కడో దూరపు సొరంగం నుంచి ఒక ఆడమనిషి గొంతు, అలిసిపోయిన గొంతు, మెల్లిగా అడిగింది.

"అక్కా, నా నోట్లో ఇప్పుడొక గుక్క పోసుకోబోతన్నాను. ఏం చెయ్యమంటావు?"

నూకరత్నం పీపా మీద చెయ్యి వేసి నాయుడి వైపు చూసింది.

"మింగెయ్ అమ్మా," అంది.